కాలనీ పుట్టిన సంవత్సరం ఎలా తేల్చాలి? (మల్కాజిగిరి వైపు)

ఆనంద్‌బాగ్_అనూష
సఫిల్‌గూడకీ ఆనంద్‌బాగ్‌కీ మధ్య ఉన్న కాలనీ మాది. గేటు దగ్గర గ్రానైట్ పలక పెట్టాలనీ, దాంతోపాటు ఓ నలభై పేజీల చరిత్ర పుస్తకం వేయాలనీ సంఘం తీర్మానం చేసింది. పలక మీద ఏ సంవత్సరం చెక్కాలన్న దగ్గరే పని ఆగిపోయింది. సంఘం రిజిస్ట్రేషన్ 1988 అని కార్యదర్శి అంటారు. ప్లాట్లు 1974లోనే వేశారని పెద్దవాళ్లు, గుడి కట్టిన 1981 నుంచే లెక్కని గుడి కమిటీ. చేతిలో ఉన్నవి ఇవీ: లేఔట్ నకలు (తేదీ చెరిగిపోయింది, ముద్ర సగమే కనిపిస్తోంది), నాలుగు పాత సేల్ డీడ్లు, ఒక ఉర్దూ కాగితం, ఇంటి పన్ను రసీదులు కొన్ని. వీటితో ఎక్కడ మొదలుపెట్టాలి?

లింకుడాక్యుమెంట్
ముందు తేదీల సంగతి వదిలేసి, ఆ కాగితాల్లో ఊరి చిరునామా ఎలా రాశారో చూడండి. జిల్లా ఏది? తాలూకా అని ఉందా, మండలం అని ఉందా? పిన్ కోడ్ ఉందా? పాత హైదరాబాద్ జిల్లాను 1978 ఆగస్టు 15న విడదీశారు. మల్కాజిగిరి వైపు ఊళ్లన్నీ ఆ తర్వాతే రంగారెడ్డి జిల్లా కింద కనిపిస్తాయి. మండలాలు వచ్చింది 1985లో, అంతకు ముందు తాలూకాలే. పిన్ కోడ్లు 1972 ఆగస్టు 15 నుంచి. హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) 1975లో ఏర్పడింది కాబట్టి లేఔట్ మీద హుడా పేరుంటే అంతకన్నా పాతది కాదు. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న వచ్చింది. అది కనిపిస్తే కాగితం నిన్నమొన్నటిది.

పాతపహాణీ
ఉర్దూ కాగితం మీద సంవత్సరం ఫస్లీలో, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరంల, ఉంటది. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తది. 1350 ఫస్లీ అంటే 1940–41 అన్నట్టు. కాగితం పైన ఏం రాసుందో ఉర్దూ చదివేటోళ్లతోటి ముందు ఆ ఒక్క లైనే చదివించండి. అది అమ్మకం కాగితమా, కౌలుదా, శిస్తు రసీదా తేలాలె. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

ఆనంద్‌బాగ్_అనూష
చూశాను. లేఔట్ మీద "హైదరాబాద్ జిల్లా" అనీ, తాలూకా అనీ ఉంది. పిన్ కోడ్ లేదు. సేల్ డీడ్లలో రెండింట్లో హైదరాబాద్ జిల్లా, రెండింట్లో రంగారెడ్డి జిల్లా. అంటే లేఔట్ 1978 కన్నా ముందుదే కదా? పెద్దవాళ్ల మాటే నిజమా?

లింకుడాక్యుమెంట్
లేఔట్‌తో అంత తొందర పడకండి. డ్రాఫ్ట్స్‌మన్లు పాత ట్రేసింగ్ మీదే పేర్లు మార్చి ప్రింట్లు తీసేవారు. జిల్లా పేరు మారినా పాత పేరే నడిచేది. సేల్ డీడే గట్టి సాక్ష్యం. మొదటి స్టాంపు పేపరు వెనక్కి తిప్పండి. అమ్మిన తేదీ, వరస నంబరు, కొన్నవారి పేరు, స్టాంపు వెండరు లైసెన్సు నంబరు అక్కడ చేత్తో రాసి ఉంటాయి. తర్వాత రిజిస్ట్రేషన్ ముద్ర చూడండి: ఒకటో పుస్తకం (స్థిరాస్తుల రిజిస్టరు), వాల్యూం, పేజీలు, దస్తావేజు నంబరు, సంవత్సరం. ఈ ముద్ర అబద్ధం చెప్పదు.

నల్లచెరువు_ఉప్పల్
ఇంకో కారణం కూడా ఉంది. పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం 1976 ఫిబ్రవరిలో వచ్చింది. హైదరాబాద్ పరిధిలో ఒకరి పేరున ఖాళీ జాగా 1,000 చదరపు మీటర్లకు మించి ఉండకూడదన్నారు. ఆ దెబ్బకి పొలాలన్నీ హడావుడిగా ప్లాట్లయ్యాయి. చట్టం తప్పించుకోవడానికి అంతకు ముందు తేదీలు వేసిన ప్లానులూ ఉన్నాయి. శివారులో 1974, 1975 తేదీలున్న ప్లాను దొరికితే, ఆ ఏడాది నిజంగా రిజిస్టరైన ప్లాటు ఒక్కటైనా చూపించగలిగాకే నమ్మాలి.

బోనాలబండి
అట్లని అన్నీ దొంగ తేదీలే అనొద్దు అన్నా. లాలాగూడ వర్క్‌షాపు, మౌలాలి లోకో షెడ్డు, ఇటు నేరేడ్‌మెట్, ఆర్కే పురం దిక్కు మిలిటరీ. జీతగాళ్లు ఈడ జాగలు కొనుడు ఆ చట్టం రాకముందు నుంచే ఉన్నది.

నల్లచెరువు_ఉప్పల్
కొనలేదని నేననలేదు. ప్లాను తేదీ ఒక్కటే సరిపోదంటున్నాను.

పట్టాలపక్క
@బోనాలబండి అన్నదాంట్లో విషయం ఉంది. మల్కాజిగిరి స్టేషన్ మన్మాడ్ వైపు వెళ్లే పాత మీటర్‌గేజ్ లైను మీద ఉంది. 1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే వేసిన లైను అది. మౌలాలి మాత్రం కాజీపేట వైపు పోయే బ్రాడ్‌గేజ్ మీద. రెండు లైన్ల మధ్య ఇరుక్కున్న మిర్జాలగూడ, ఆనంద్‌బాగ్, గౌతమ్‌నగర్‌లకు సికింద్రాబాద్ నడిచి వెళ్లేంత దూరమే. డ్యూటీ షిఫ్టులకు అనువుగా ఉంటుందని రైల్వే కార్మికులు ఇక్కడ చేరారు. తమిళులు, ఆంగ్లో ఇండియన్లు మెట్టుగూడ, లాలాగూడలో ఎక్కువగా ఉండేవారు. రిటైరయ్యాక ఇటు జరిగిన కుటుంబాలున్నాయి. మీ కాలనీలో మొదటి పాతిక ప్లాట్లు కొన్నవారి ఉద్యోగాలు సేల్ డీడ్లలో "వృత్తి" అన్నచోట రాసి ఉంటాయి. వాటిని ఒక పట్టిక వేయండి. రైల్వే, ఏఓసీ (సైన్యం ఆయుధ సామగ్రి విభాగం), ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ ప్రభుత్వ సంస్థ), టీచర్లు, ఏజీ ఆఫీసు (ప్రభుత్వ ఖాతాల ఆఫీసు)... ఎవరు ఏ ఏడు వచ్చారో అక్కడే తెలుస్తుంది.

ఆనంద్‌బాగ్_అనూష
నాలుగు డీడ్లలోనూ వృత్తి ఉంది, ఇద్దరు రైల్వే. మిగతా ప్లాట్ల కాగితాలు ఇళ్లవాళ్లు చూపించడానికి ఇష్టపడట్లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే వస్తుందా?

లింకుడాక్యుమెంట్
ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే ఉంటుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. అక్కడ రెండు ఇండెక్సులుంటాయి. ఒకటి పేర్ల వారీ, రెండోది ఆస్తి వారీ. మీకు కావాల్సింది రెండోది. వెతికేటప్పుడు కాలనీ పేరు పట్టుకోకండి, ఆ రోజుల్లో కాలనీ పేరు ఎవరూ రాయించలేదు. గ్రామం పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు ఇవ్వండి. సర్వే నంబరునే నాలుగు రకాలుగా వెతకాలి: ఉత్త నంబరు, బై ఒకటి, బై ఏ, "పార్ట్" అని. ప్లాటు సగం అమ్మితే "14 తూర్పు భాగం" అని ఉంటుంది, అది 14 కింద దొరకదు.

చాలామంది ఆగిపోయేది ఇంకోచోట. ఆ ఏడు మీ ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో ముందు తేల్చుకోవాలి. పరిధులు చాలాసార్లు మారాయి. ఇప్పటి ఆఫీసులో "నిల్" వస్తే దస్తావేజు లేదని కాదు, వేరే ఆఫీసు పుస్తకంలో ఉండొచ్చు. చేతిలో ఉన్న నాలుగు డీడ్ల మీద ఏ ఆఫీసు ముద్ర ఉందో చూసి అక్కడికే వెళ్లండి.

పాతపహాణీ
ఈసీతోటి కాలనీ చరిత్ర వస్తది గానీ భూమి చరిత్ర రాదు. దానికి రెవెన్యూ రికార్డు కావాలె. తెలంగాణల మూడు కాగితాలు ముఖ్యం. సేత్వార్, సర్వే అయినప్పుడు తయారైన మూల రిజిస్టరు. తర్వాత 1954–55 ఖాస్రా పహాణీ, ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నరు అని రాసిన రిజిస్టరు. దాని తర్వాత ఏటేటి పహాణీలు. తహసీల్ ఆఫీసుల నకలుకు దరఖాస్తు పెట్టండి, దొరకకపోతే ఆర్టీఐ. "మా కాలనీ చరిత్ర ఇవ్వండి" అని రాస్తే వాపసు వస్తది. "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, 1954–55 ఖాస్రా పహాణీ నకలు, సేత్వార్ నకలు, గ్రామ నక్ష నకలు" అని కాగితం పేరు పెట్టి అడగాలె. నక్ష అంటే మ్యాపు. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10. నకలు పేజీకి 2 రూపాయలు. 30 రోజులల్ల జవాబు రాకపోతే మొదటి అప్పీలు. కాగితం దొరుకుతలేదంటే రికార్డు చూసే అవకాశం అడగండి. మొదటి గంటకు ఫీజు లేదు.

పహాణీ చేతికొచ్చినంక పట్టాదారు పేరు చూసి సంబరపడి మూసేయొద్దు. తరి అని ఉన్నదా, ఖుష్కి అని ఉన్నదా చూడండి. తరి అంటే నీటి పొలం, చెరువు కింద వరి పండినట్టు. ఖుష్కి అంటే మెట్ట. శిఖం అని ఉంటే చెరువు గర్భం. కాలనీల నీళ్లు ఏ గల్లీల నిలుస్తయో ఆ ఒక్క గడి చెప్తది.

కట్టమీది_వేప
ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తున్నా. అనూష గారూ, మీరు చెప్పిన చోటు సఫిల్‌గూడ చెరువు దిగువన పడుతుంది. ఆర్కే పురం చెరువు అలుగు పారితే సఫిల్‌గూడ నడిమి చెరువుకి, అది నిండితే మల్కాజిగిరి బండ చెరువుకి నీళ్లు పోవాలి. ఇది గొలుసు. కాలనీ వచ్చి యాభై ఏళ్లయిందేమో. చెరువు, తూము, దాని కింద పొలం అంతకన్నా ఎంతో ముందువి. పుస్తకం లేఔట్‌తో మొదలుపెట్టొద్దు. చెరువుతో మొదలుపెట్టండి.

గేటుదగ్గర
పలక మీద చెరువు పుట్టిన సంవత్సరం వేస్తే కాలనీ ఎన్నికల్లో గెలిచేది కప్పలే 😀

కట్టమీది_వేప
వర్షాకాలంలో ఓట్లు వాటివే ఎక్కువ 😀 సరే, పనికొచ్చేది చెప్తా. ఈ మూడూ వెతకండి: తూము ఎక్కడుండేది, అలుగు ఎక్కడ, కాలువ ఏ ప్లాట్ల మీదుగా పోయేది. గ్రామ నక్షలో కాలువ జంట గీతగా ఉంటుంది. లేఔట్‌లో అదే జాగా "20 అడుగుల రోడ్డు" అయిపోయిందా, ప్లాట్లలో కలిసిందా పోల్చండి. నక్షనీ లేఔట్‌నీ ఒకే స్కేలుకి తెచ్చి ట్రేసింగ్ పేపరు మీద ఒకదాని మీద ఒకటి పెడితే చాలు. కట్ట ఏదో తెలియకపోతే సఫిల్‌గూడ కట్టమైసమ్మ గుడి దగ్గర నిలబడండి. కట్టమైసమ్మ ఉండేది చెరువు కట్ట మీదే.

2000 ఆగస్టు, 2020 అక్టోబరు వరదల్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కూడా పుస్తకంలో ఉండాలి. గోడల మీద మరక ఉన్నచోట్ల నేల నుంచి ఎత్తు రాసుకుంటే పనికిరాదు, ఎందుకంటే రోడ్డు మీద రోడ్డు వేసి నేల మట్టమే పెరిగింది. మేస్త్రీలు వాడే లెవల్ పైపు తెచ్చుకోండి. అర అంగుళం పారదర్శక గొట్టం, నీళ్లు నింపి. గుడి అరుగు పైఅంచుని సున్నాగా పెట్టుకుని ప్రతి మరకా దానికి ఎంత పైనో ఎంత కిందో సెంటీమీటర్లలో రాయండి. గొట్టంలో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. రెండు కొసలూ పక్కపక్కన పట్టి నీళ్లు ఒకే మట్టంలో ఆగాయని చూసుకున్నాకే కొలవండి. దూరం ఎక్కువైతే మధ్యలో ఒక గేటు స్తంభం మీద గుర్తు పెట్టి రెండు విడతల్లో తీసుకోండి.

ఆనంద్‌బాగ్_అనూష
ఇది ఎవరికీ తట్టలేదు. మా మూడో వీధిలో మరకలు ఇంకా ఉన్నాయి. రంగులు వేయకముందే కొలిపిస్తాను.

నకాషా
మ్యాపుల సంగతి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో మల్కాజిగిరి 56 కె/11లో పడుతుంది. సికింద్రాబాద్‌కి పడమర, కూకట్‌పల్లి వైపైతే 56 కె/7, బొల్లారం పైన 56 కె/10. 1:50,000 స్కేలు కాబట్టి ఇళ్లు ఒక్కొక్కటీ కనబడవు. చెరువు ఆకారం, కట్ట, బండి బాటలు, ఊరి నివాస ప్రాంతం కనిపిస్తాయి. పాత ముద్రణ, కొత్త ముద్రణ రెండూ సంపాదించి పోల్చండి. కాంటూర్లు 20 మీటర్లకొకటి, కాలనీ లోపలి ఎత్తుపల్లాలకి అవి పనికిరావు. వేప గారి గొట్టమే గతి.

మున్ మ్యాపులు అడుగుదామనుకుంటే వద్దు. 1908 మూసీ వరద తర్వాత తయారైన ఆ మ్యాపులు నగరానివి, మీ ఊరిదాకా రావు.

అసలు బంగారం కరోనా ఉపగ్రహ చిత్రాలు. జబ్బు కాదు, 1960 నుంచి 1972 వరకు అమెరికా తీసి, తర్వాత బయటపెట్టిన గూఢచార ఫొటోలు. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వెబ్‌సైట్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో ఖాతా తెరిచి మీ ప్రాంతం చుట్టూ పెట్టె గీసి వెతకండి. ఎవరో ముందే స్కాన్ చేయించినవి ఉచితం. లేకపోతే ఫ్రేముకి 30 డాలర్లు. చివరి తరం కెమెరావైతే రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. పొలం గట్లు, బావులు లెక్కపెట్టొచ్చు.

ఇబ్బంది ఒకటే. ఆ ఫొటో అంచుల దగ్గర వంకర తిరుగుతుంది. మొత్తం ఫ్రేమును మ్యాపు మీద కూర్చోబెట్టాలని చూడకండి, మీ ఊరి ముక్క కత్తిరించండి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో జియోరిఫరెన్సర్ తెరిచి కనీసం పది, పన్నెండు గుర్తులు ఇవ్వండి. రైలు పట్టాల వంపు, కట్ట రెండు కొసలు, మౌలాలి గుట్ట శిఖరం, పాత మసీదు మూల... అప్పుడూ ఇప్పుడూ కదలనివి మాత్రమే. రోడ్డు కూడళ్లు ఇవ్వకండి, వెడల్పు చేసినప్పుడు జరిగిపోయాయి.

లింకుడాక్యుమెంట్
@నకాషా 1972లో ఆగిపోతే మధ్యలో ఏముంది? అనూష గారికి కావాల్సింది 1974–81.

నకాషా
1984 నుంచి గూగుల్ ఎర్త్ టైమ్‌లైన్‌లో లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉంటాయి గానీ 30 మీటర్ల చుక్కలు. కాలనీ నిండిందా, ఖాళీగా ఉందా అన్నంత వరకే. మధ్య పదేళ్లకు ప్రధానంగా కాగితం మీదే ఆధారపడాలి. కరోనా ఫొటోలో పొలంగా ఉండి, లాండ్‌శాట్‌లో ఇళ్లుంటే కనీసం రెండు వైపులా హద్దు దొరికినట్టే.

గాజువాక_గౌరి
అక్కడ పహాణీ, సేత్వార్ అంటున్నారు కదా, మా వైపు రాసుకునేవాళ్ల కోసం: ఆంధ్రాలో అడగాల్సినవి ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్ (ఏటేటి సాగు లెక్క), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం). గాజువాక వైపైతే ఇంకో దొంతర ఉంటుంది. స్టీల్ ప్లాంటుకి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. భూములు పోయిన ఊళ్లవాళ్లని అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ కాలనీల్లో పెట్టారు. అక్కడ ప్లాటు చరిత్ర సేల్ డీడ్‌లో దొరకదు, ఆర్ కార్డులో (నిర్వాసితులకి ఇచ్చిన కార్డు) దొరుకుతుంది. పాత ఊరి పేరు దాని మీదే ఉంటుంది. పుస్తకం రాసేవాళ్లు కాలనీ బ్లాకుల వారీగా కాకుండా పాత ఊళ్ల వారీగా అధ్యాయాలు పెట్టుకుంటే ఎవరి పక్కన ఎవరు ఎందుకున్నారో అర్థమవుతుంది. గ్రామదేవతలని కూడా వెంట తెచ్చుకున్నారు మరి.

బోనాలబండి
గౌరక్క మంచి మాట చెప్పింది. అనూష మేడం, మీ కాలనీ పక్కన బస్తీ ఉన్నదా? పాత ఊరు ఏడుంది? బొడ్రాయి (ఊరి నడిమి రాయి) ఎక్కడుందో అడగండి. బొడ్రాయి చుట్టున్నదే గ్రామకంఠం, అసలు ఊరు. అక్కడోళ్లే నీరటిలు, గౌండ్లోళ్లు, చాకలోళ్లు, గొల్లలు. ప్లాటు కొన్నోళ్ల పేర్లే పుస్తకంల ఎక్కితే అది కాలనీ డైరీ అయితది, చరిత్ర కాదు. చెరువు నీళ్లు ఏ పొలానికి ఎప్పుడు ఇడవాలన్నది నీరటి చేతుల ఉండే. ఆ ఇంటోళ్లను అడిగితే తూము ఏడుండెనో వేలు పెట్టి చూపిస్తరు.

ఆనంద్‌బాగ్_అనూష
బస్తీ ఉంది. కానీ సంఘంలో కొందరు "మన పుస్తకంలో వాళ్లెందుకు" అన్నారు.

కట్టమీది_వేప
అలా అన్నవాళ్ల ప్లాటు మొదట ఎవరి పొలమో పహాణీ తీసి చూపించండి. పొలం దున్నినవాళ్ల ఇంటిపేర్లు ఆ బస్తీలోనే దొరుకుతాయి. వాళ్లు లేకుండా మొదటి అధ్యాయం రాయడం కుదరదు, రాయకూడదు కూడా.

నల్లచెరువు_ఉప్పల్
సమ్మతమే గానీ జాగ్రత్త. సర్వే నంబర్లు, పట్టాదారుల పేర్లు, విస్తీర్ణాలు పుస్తకంలో అచ్చేస్తే పాత దావాలు లేస్తాయి. ఇనాం (బహుమానంగా ఇచ్చిన భూములు), సీలింగు మిగులు, కౌలు చట్టం 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారు కేసులు ఇప్పటికీ కోర్టుల్లో ఉన్నాయి. పుస్తకంలో ఎవరి వాదనకూ ఆధారం దొరకకూడదు.

పాతపహాణీ
పహాణీ అందరూ చూసే కాగితమే. దాచుడెందుకు?

నల్లచెరువు_ఉప్పల్
ఆఫీసులో చూడటం వేరు, సంఘం ముద్రతో అచ్చేయడం వేరు. మొన్నటిదాకా ఎవరూ అడగని మూల మీద రేపు కంచె పడితే సంఘమే సమాధానం చెప్పాలి. "చెరువు కింద తరి పొలాలు, ఫలానా వృత్తుల కుటుంబాలు సాగు చేసేవి" అంటే చాలు. పేర్లు ఆ కుటుంబం ఒప్పుకుంటేనే. సర్వే నంబర్లతో ఉన్న పూర్తి ప్రతి ఒకటి సంఘం బీరువాలో పెట్టండి.

పాతపహాణీ
బీరువాల పెట్టేది ఒప్పుకుంటున్న. కానీ పార్కు, రోడ్ల సర్వే నంబర్లు మాత్రం పుస్తకంల ఖచ్చితంగ అచ్చేయాలె. అవి అందరియి. దాచితే కబ్జాలకు పోతయి.

లింకుడాక్యుమెంట్
పార్కు మాటొచ్చింది కాబట్టి లేఔట్‌ని లెక్క వేసి చదవడం చూపిస్తాను. ఎకరానికి 40 గుంటలు. గుంట 33 అడుగుల చదరం, అంటే 121 గజాలు. ఎకరం 4,840 గజాలు. ఉదాహరణకి లేఔట్ మీద 6 ఎకరాల 12 గుంటలు అనుందనుకోండి. 29,040కి 1,452 కలిపితే 30,492 గజాలు. ప్లాట్లు 110, ఒక్కోటి 200 గజాలైతే 22,000. మిగిలింది 8,492. పార్కుకి పదో వంతు వదిలారంటే 3,049 పోతుంది, రోడ్లకి మిగిలేది 5,443, మొత్తంలో 18 శాతం కూడా లేదు. 30 అడుగుల వెడల్పు, 60 లోతు ప్లాట్లకి ముందు 30 అడుగుల రోడ్డు వేస్తే, రోడ్డుకి రెండు వైపులా ప్లాట్లున్నా, అడ్డరోడ్లు లెక్కపెట్టకుండానే రోడ్లకి 5,500 గజాలు కావాలి. అంటే పార్కు కాగితం మీదే ఉంది, లేదా రోడ్లు 30 అడుగులు లేవు. టేపు పట్టి కొలిస్తే ఏది నిజమో తేలుతుంది.

ఆనంద్‌బాగ్_అనూష
లేఔట్‌లో "పాఠశాల స్థలం" అని గీతలు కొట్టిన ముక్క ఉంది. ఇప్పుడక్కడ మూడు ఇళ్లున్నాయి.

లింకుడాక్యుమెంట్
ఆ ముక్కకి గిఫ్ట్ డీడ్ జరిగిందా వెతకండి. స్థానిక సంస్థ పేరున రిజిస్టర్ చేసి ఉంటే అది ఒకటో పుస్తకంలోనే ఉంటుంది. చేయకుండా వదిలేస్తే యజమాని పేరునే ఉండిపోయి తర్వాత అమ్ముడుపోతుంది. ఎక్కువ కాలనీల్లో జరిగింది ఇదే. పుస్తకంలో ఇప్పటి ఇళ్లవాళ్ల ప్రస్తావన వద్దు, వాళ్లు డబ్బులిచ్చి కొన్నవాళ్లు. లేఔట్ బొమ్మ మాత్రం ఉన్నదున్నట్టు వేయండి.

గేటుదగ్గర
మొదటి ఇల్లు ఎవరిదో ఎలా తెలుస్తుంది? మా దగ్గర మూడు కుటుంబాలు "మాదే" అంటాయి.

పట్టాలపక్క
ఇంటి నంబర్లు చూడండి. వరసగా నంబర్లు వేశాక మధ్యలో వచ్చిన ఇంటికి బై తగులుతుంది. 47 తర్వాత 47/1, దాన్ని విడదీస్తే 47/1/ఏ. కాబట్టి ఒక వీధిలో బై లేని నంబర్లున్న ఇళ్లు నంబర్లు వేసిన నాటికి ఉన్నవి, బై ఉన్నవి తర్వాతివి. మున్సిపాలిటీ మళ్లీ నంబర్లు వేసి ఉంటే పాత నంబరు పన్ను రసీదుల్లో, రేషను కార్డుల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన రాసుకోండి. అదే నంబరు 2002 ఓటర్ల జాబితాలో పట్టుకుంటే ఆ ఇంట్లో అప్పుడెవరున్నారో కూడా వస్తుంది.

నకాషా
కరెంటు కనెక్షన్ కాగితాలు కూడా. ఏపీఎస్ఈబీ (పాత కరెంటు బోర్డు) పేరుంటే 1999లో ఆ బోర్డు విభజనకి ముందువి. ఇల్లు పూర్తయిన తేదీకి పన్ను రసీదు కన్నా ఇదే దగ్గరగా ఉంటుంది. పన్ను ఏళ్ల తరబడి ఆలస్యంగా వేసేవారు.

టేపురికార్డర్
పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేవాళ్లకి. "ఏ సంవత్సరంలో వచ్చారు" అని అడిగితే గుండ్రటి సంఖ్య చెప్తారు. సంఘటన పట్టుకుని అడగండి. 1969 తెలంగాణ ఉద్యమం నాటికి ఇక్కడున్నారా? స్కైలాబ్ పడుతుందని భయపడింది ఏ ఇంట్లో? అది 1979 జూలై. 1980 ఫిబ్రవరి సంపూర్ణ సూర్యగ్రహణం నాడు తలుపులేసుకున్నది ఈ ఇంట్లోనా, అద్దె ఇంట్లోనా? రెండు రూపాయల బియ్యం ఏ షాపులో తెచ్చుకున్నారు? అది 1983. ఇలా రెండు సంఘటనల మధ్య ఇరికిస్తే ఒకటి రెండేళ్లలోపు తేలుతుంది.

డబ్బు, దారి, నీళ్లు అడగండి. గజం ఎంతకి కొన్నారు, స్టేషన్ నుంచి ఏ దారిన నడిచారు, తాగునీళ్లు ఏ బావివి, నల్లా ఎప్పుడొచ్చింది. వీటిమీద గొప్పలు చెప్పుకోవడం తక్కువ, కాబట్టి నమ్మొచ్చు. ఫొటో ఆల్బం ముందు పెట్టుకుని మాట్లాడిస్తే మాట పెరుగుతుంది. ఫ్యాను ఆపేయండి, ఫోను బల్ల మీద కాకుండా గుడ్డ మీద పెట్టండి. మొదట్లో పేరు, తేదీ, "పుస్తకంలో వాడుకోవచ్చా" అన్న ప్రశ్నకి జవాబు రికార్డులోనే ఉండాలి. ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడగండి. ప్లాటు ధర మగవాళ్లకి గుర్తుంటుంది, నీళ్ల సంగతి వీళ్లకి.

బోనాలబండి
గుడి, పండుగ సంగతి కూడ ఉండాలె. బోనాలు ఎటు నుంచి ఎటు పోతయో ఆ తొవ్వే పాత ఊరి బాట. కాలనీ రోడ్లు ఎట్లేసినా బోనం మాత్రం పాత తొవ్వనే పోతది. నడిచి ఫోన్ల ట్రాక్ రికార్డు చేసి నకాషా భయ్యాకి పంపండి, పాత నక్ష మీద పెడితే కూసుంటది. మౌలాలి గుట్ట ఉర్సుకు పోయే తొవ్వ కూడ గట్లనే.

ఆనంద్‌బాగ్_అనూష
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లొచ్చారు మా కోశాధికారి. హైదరాబాద్ జిల్లా అని ఉన్న రెండు డీడ్లలో ఒకటి 1975 నవంబరు, రెండోది 1977. రిజిస్ట్రేషన్ ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. సంఘం కాగితం 1350 ఫస్లీ చట్టం కింద 1988లో రిజిస్టరైంది. కార్యదర్శి గారు "1350 అని ఉంది కదా, ఇంకా పాతదేమో" అంటున్నారు!

లింకుడాక్యుమెంట్
అది చట్టం సంవత్సరం, సంఘానిది కాదు. 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చేదాకా తెలంగాణ ప్రాంతంలో సంక్షేమ సంఘాలన్నీ ఆ నిజాం నాటి చట్టం కిందే రిజిస్టరయ్యేవి. ఇక 1975 నవంబరు చాలా విలువైనది. సీలింగు చట్టానికి ముందే ప్లాటుగా అమ్ముడైందన్నమాట. ఉప్పల్ అన్న అడిగిన సాక్ష్యం దొరికింది.

నల్లచెరువు_ఉప్పల్
దొరికింది. ఆ డీడ్‌లో ప్లాటు నంబరు, లేఔట్ ప్రస్తావన ఉంటే 1975 నవంబరు నాటికి లేఔట్ ఉన్నట్టే, ఇక నాకు అభ్యంతరం లేదు. పెద్దవాళ్ల 1974 కూడా దగ్గర్లోనే ఉంది. కానీ పలక మీద 1974 వేయకండి, కాగితం 1975 అంటోంది.

ఆనంద్‌బాగ్_అనూష
"లేఔట్ ప్రకారం ప్లాటు నంబరు 31" అని ఉంది. మరి గుడి కమిటీ 1981?

టేపురికార్డర్
అదీ నిజమే, గుడికి. ఒక్క సంవత్సరమే చెక్కాలని ఎవరన్నారు? నాలుగు లైన్లు చెక్కించండి: సఫిల్‌గూడ చెరువు కింది పొలాలు, ప్లాట్లుగా తొలి రిజిస్ట్రేషన్ 1975, గుడి 1981, సంక్షేమ సంఘం 1988. ఎవరి తేదీ వాళ్లకుంటుంది.

కట్టమీది_వేప
మొదటి లైను అదే ఉండనివ్వండి. మారిస్తే ఊరుకోను.

నకాషా
చెక్కించేలోపు లేఔట్ అసలు ప్రింటును కాపాడండి. అది అమ్మోనియా ప్రింటు, వెలుతురుకి తెల్లబడిపోతుంది. జిరాక్స్ యంత్రంలో పదే పదే పెట్టకండి, లామినేషన్ అసలే వద్దు, వేడికి గీతలు పోతాయి. గోడకి ఆనించి నీడలో, ఫ్లాష్ లేకుండా, కెమెరా నిటారుగా పట్టి ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలో ఒక స్కేలు బద్ద కనిపించాలి. కాగితాలు 300 డీపీఐ, పాత ఫొటోలు 600లో స్కాన్ చేయించండి. ఫైలు పేరులో సంవత్సరం, ప్లాటు నంబరు పెట్టండి. ప్రింటును మడవకుండా గొట్టంలో చుట్టి బీరువాలో దాచండి.

పాతపహాణీ
ఖాస్రా పహాణీ నకలు వచ్చినంక ఈడ పెట్టండి మేడం, పేర్లు కొట్టేసి. తరి, ఖుష్కి గడులు నేను చదివి చెప్త. ఉర్దూ అక్షరం అర్థం కాకుంటే ఆ ముక్క వరకే ఫొటో తీసి పెట్టండి.

ఆనంద్‌బాగ్_అనూష
దరఖాస్తు సోమవారం వేస్తున్నాం. కాగితాల పేర్లన్నీ మీరు రాసినట్టే పెట్టాను, గ్రామ నక్షతో సహా. ఉర్దూ కాగితం చదివించాం, శిస్తు రసీదట, 1346 ఫస్లీ.

పాతపహాణీ
అంటే 1936–37. భూమి విస్తీర్ణం, తరి శిస్తా ఖుష్కి శిస్తా ఆ రసీదుల రాసుంటే అది కూడ పెట్టండి.

ఆనంద్‌బాగ్_అనూష
తరి. రెండెకరాల పద్నాలుగు గుంటలు.

కట్టమీది_వేప
మరకలున్న మూడో వీధి ఆ రెండెకరాల్లోకే వస్తుందేమో నక్ష రాగానే ముందు అది చూడండి.